మూడో తరగతి పాప పాఠం గడగడా అప్పజెబుతుంది, చదవమంటే చదవలేదు

హేమ_ఏలూరు | జులై 6, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయక తప్పట్లేదు.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు నిండాయి. మూడో తరగతి, ప్రైవేటు స్కూలు, ఇంగ్లీషు మీడియం. ప్రోగ్రెస్ కార్డు చూస్తే అన్నీ మంచి గ్రేడ్లే. మొన్న మా అత్తగారు ఊరి నుంచి వచ్చారు. పేపరుతో వచ్చే ఆదివారం పుస్తకంలో పిల్లల కథ ఉంటే, "కళ్ళజోడు కనపడట్లేదే, ఇది చదివి పెట్టు" అని పాప చేతికిచ్చారు. మొదటి లైనులోనే 'వర్షం' అని ఉంది. "వ... ర..." అంది, ర కిందున్న ఒత్తు దగ్గర ఆగి నా మొహం చూసింది. అత్తగారు ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

తెలుగు కదా, స్కూల్లో వారానికి నాలుగే పీరియడ్లు అని సర్దిచెప్పుకుని ఇంగ్లీషు రీడరు తీశాను. గడగడా చదివేసింది. పేజీ మధ్యలో ఒక్క మాట మీద వేలు పెట్టి "ఇదేంటమ్మా" అని అడిగాను. వెంటనే చెప్పలేకపోయింది. పేరా మొదటి నుంచి మొదలెట్టి, పాడుకుంటూ ఆ మాట దాకా వచ్చి అప్పుడు చెప్పింది! అంటే చదవట్లేదు, పాఠం మొత్తం పాటలా వచ్చేసిందన్నమాట.

లెక్కలూ అంతే. ఎక్కాలు పదిహేను దాకా వచ్చు. "ఆరు ప్లేట్లు, ప్లేటుకి నాలుగు ఇడ్లీలు, మొత్తం ఎన్ని?" అంటే "కూడాలా, గుణించాలా?" అని నన్నే అడిగింది.

స్కూల్లో అడిగితే పోర్షన్ టైముకి అయిపోతోంది, ఇబ్బందేమీ లేదన్నారు. ట్యూషన్ పెట్టించాలా? ఎక్కడి నుంచి మొదలెట్టాలి?

ఓరుగల్లు_నాయిన | జులై 6, రాత్రి 10:15

అక్కా, మీ ఇంట్ల ఒక్కటే గాదు. మావోడు రెండో తరగతి. "టూ వన్‌జా టూ, టూ టూజా ఫోర్" అని ఇల్లంత తిరుక్కుంట చదువుతడు. "అరేయ్, ఈ 'జా' అంటే ఏందిరా?" అన్న. "అది ఇంటూ కావచ్చు డాడీ" అన్నడు. నేను గూడ పదో తరగతి దాక గట్లనే చదివిన. ఆ 'జా' ఏందో ఇప్పటికీ తెల్వదు.

విశ్రాంత_హెడ్మాస్టర్ | జులై 7, ఉదయం 5:50

నాయనా, 'టూస్ ఆర్ ఫోర్' అన్నది నలిగి నలిగి 'టూజా ఫోర్' అయింది. రెండు రెళ్ళు నాలుగు అంటే అర్థం ఆ మాటలోనే ఉంది. రెండు అనే అంకెకి బహువచనం రెళ్ళు, మూడుకి మూళ్ళు. రెండేసి రెండు సార్లు. తెలుగులో ఎక్కం చదివిన పిల్లవాడి చెవిన గుణకారం అర్థం కూడా పడుతుంది.

నేను 1978లో ఇప్పటి విజయనగరం జిల్లాలో ఏకోపాధ్యాయ పాఠశాలలో చేరాను. సాయంత్రం పిల్లలందరినీ చింతచెట్టు కింద నిలబెట్టి ఇరవయ్యో ఎక్కం దాకా చెప్పించేవాళ్ళం. ఇప్పుడు కంఠస్థం అంటే ఏదో నేరం చేసినట్టు చూస్తున్నారు. ఎక్కం నోటికి రాని పిల్లవాడు భాగహారం దగ్గర వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు, అసలు లెక్క ఏమిటో మరచిపోతాడు. అమ్మా హేమా, పాపకు ఎక్కాలు వచ్చినందుకు మాత్రం బెంగపడకు.

పలక_బలపం | జులై 7, రాత్రి 8:30

హేమ గారూ, నేను నల్గొండ జిల్లాలో ఎస్జీటీని, అంటే ప్రాథమిక బడి టీచర్ని. మా బడిలో ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లం, ముప్పై ఎనిమిది మంది పిల్లలు. మీరు చెప్పిన పాప లాంటి పిల్లలు ప్రతి జూన్‌లోనూ మా దగ్గరికి వస్తారు. కొందరు ప్రైవేటు బడి నుంచి మారి వస్తారు, కొందరు మా బడిలోనే మూడేళ్ళు కూర్చున్నవాళ్ళు. కాబట్టి ఇది సర్కారు బడి, ప్రైవేటు బడి గొడవ కాదు, ముందే చెబుతున్నా.

ట్యూషన్ సంగతి తర్వాత. ముందు పాప ఎక్కడుందో చూడండి. పాప ఎప్పుడూ చూడని కాగితం కావాలి. పాఠ్యపుస్తకం వద్దు, అది పనికిరాదు. ఒక కాగితం మీద విడి అక్షరాలు వరుస తప్పించి రాయండి. ఇంకోదాని మీద ఒత్తుల్లేని మాటలు: పలక, గాలి, కోతి, మేడ. మూడోదాని మీద నాలుగు చిన్న వాక్యాలు. నాలుగోది ఎనిమిది పది వాక్యాల కథ. వాక్యాలతో మొదలెట్టండి. తడబడకుండా చదివితే కథ ఇవ్వండి, తడబడితే మాటలకు దిగండి, అక్కడా ఆగితే అక్షరాలకు. ఏ మెట్టు మీద ఆగిందో అదే పాప అసలు తరగతి. మూడు అనేది హాజరుపట్టీలో ఉన్న అంకె మాత్రమే.

ఇది నేను కనిపెట్టింది కాదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేస్తున్న అసర్ సర్వేలో పిల్లల చేత చదివించేది ఇలాగే. పెద్ద కథ రెండో తరగతి స్థాయిలో ఉంటుంది. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. అంతే, ఇంకేం ఉండదు. 2024 సర్వేలో దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగింది 27.1 శాతం, తీసివేత చేయగలిగింది 33.7 శాతం. మన దగ్గర సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది. 2018లో ఆంధ్రలో 22.6 శాతం, తెలంగాణలో 18.1 శాతం మూడో తరగతి పిల్లలు ఆ కథ చదివారు. కరోనాకి బడులు మూసి తెరిచాక 2022లో అవి 10.3కి, 5.2కి పడిపోయాయి. నూరు మందిలో ఐదుగురు! ఆ ఏడే ఆగస్టులో మా దగ్గర తొలిమెట్టు అని, చిన్న తరగతులకు చదవడం, లెక్కలు గట్టిగా నేర్పే సర్కారు కార్యక్రమం మొదలైంది. పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి చూడాలన్న మాట శిక్షణల్లో గట్టిగా వినపడింది అప్పటి నుంచే. మీ పాప కరోనా నాటికి బడికి కూడా పోలేదు, కాబట్టి దాని మీదకు నెట్టలేం.

ఇక 'వర్షం' దగ్గర ఆగడం. తెలుగులో పిల్లలు ఆగే చోట్లు ముందే తెలిసిపోతాయి. అక్షరమాల దగ్గర ఎవరూ ఆగరు. గుణింతాల్లో క నుంచి కౌ దాకా పాడతారు, కానీ విడిగా 'పు' రాస్తే తికమక. మిగతా అక్షరాలకు కొమ్ము పక్కన వస్తుంది, ప, వ లకు కిందికి దిగుతుంది మరి. 'మొ' చూస్తే అది మెనా ముయా అని సందేహం. అసలు గోడ ఒత్తులు. చ, ద, డ ఒత్తులు ఆ అక్షరాల్లాగే ఉంటాయి, తలకట్టు తీసేసి కింద చిన్నగా రాసినట్టు. కానీ త, న, మ, య, ర, ల ఒత్తులు వాటి అక్షరాల్లాగా ఉంటాయా? ఒక్కటీ ఉండదు. వాటిని విడిగా, ఒక్కోదానికి నాలుగు రోజులిచ్చి, అమ్మ, అన్న, అత్త, అయ్య, చల్ల అని తెలిసిన మాటల్లో చూపించాలి. సిలబస్ అందుకు ఇచ్చే సమయం మాత్రం చాలా తక్కువ.

ఇడ్లీల లెక్కకి రేపు రాస్తాను. పిల్లల బ్యాంకు ఖాతాల ఆన్‌లైన్ ఎంట్రీ ఉంది.

ఓరుగల్లు_నాయిన | జులై 7, రాత్రి 8:52

గదీ సంగతి. సార్లతోని ఎంట్రీలు జేయించి, పోరగాళ్ళకు ఒత్తులు వస్తలేవని సర్వే జేస్తరు.

ఫ్రిస్కో_పద్మ | జులై 8, ఉదయం 7:05

మాది టెక్సస్. హేమ గారి పోస్టు చదివి నవ్వొచ్చింది, తర్వాత దిగులేసింది. మా ఇంట్లో సరిగ్గా తిరగేసిన కథ.

మా బాబు రెండో గ్రేడు. ఇక్కడ స్కూల్లో ఫోనిక్స్ గట్టిగా చెబుతారు. 2019లో రాష్ట్రం చట్టం తెచ్చి, మూడో గ్రేడు దాకా చెప్పే టీచర్లందరూ చదవడం నేర్పే శాస్త్రంలో శిక్షణ తీసుకోవాలంది. బొమ్మ చూసి మాట ఊహించడం ఒప్పుకోరు, శబ్దాలు విడగొట్టి కలపాల్సిందే. ఇంగ్లీషు హాయిగా చదువుతాడు. వారాంతంలో మనబడికి, అంటే ఇక్కడి పిల్లలకు తెలుగు నేర్పే బడికి పంపిస్తే ఆరేడు నెలల్లో తెలుగు కూడా చదివేస్తున్నాడు. తెలుగులో రాసిందే పలుకుతాం కదా, లిపి పట్టుబడితే చాలు. 'వర్షం' ఏం ఖర్మ, 'ఉత్సాహం' కూడా చదువుతాడు. చదివి "అంటే ఏంటమ్మా?" అంటాడు. పేజీ మొత్తం తప్పు లేకుండా చదివి కథలో కుక్క ఉందో పిల్లి ఉందో చెప్పలేడు.

మీ పాపకు కథ వినిపిస్తే మొత్తం అర్థమవుతుంది, అక్షరాలే అడ్డం. మా వాడికి అక్షరాలన్నీ వచ్చు, భాషే లేదు. హేమ గారూ, మీ పాపది త్వరగా తీరే సమస్య. నాది కాదు.

ఇక లెక్కలు. మొదట్లో నాకు పిచ్చెక్కింది. 52లోంచి 27 తీసెయ్యడానికి వీడు ఐదు నిలువు గీతలు, రెండు చుక్కలు గీస్తాడు. ఒక గీత కొట్టేసి దాని బదులు పది చుక్కలు పెడతాడు. అప్పుడు ఏడు చుక్కలు, రెండు గీతలు కొట్టేస్తాడు. మిగిలింది లెక్కపెడితే 25. "పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకోరా, అయిపోతుంది" అన్నాను. "వన్ కాదమ్మా, టెన్" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా అప్పు తెచ్చుకుంటున్నాను, తెచ్చింది పది అని నాకెవరూ చెప్పలేదు.

విశ్రాంత_హెడ్మాస్టర్ | జులై 8, మధ్యాహ్నం 3:20

పద్మమ్మా, మేం చెప్పాం. పుల్లల కట్టలతో చెప్పాం. చీపురు పుల్లలు పదేసి కట్టి, కట్ట విప్పితే పది విడి పుల్లలు అని చూపించేవాళ్ళం. నీకు చెప్పిన మాస్టారికి తీరిక లేకపోయి ఉంటుంది.

ఒక సంగతి గమనించండి. తెలుగు అంకెల్లోనే స్థానవిలువ ఉంది. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా కొంచెం వంకర, ఆ తర్వాత ఇరవై ఒకటి, ముప్పై రెండు, నలభై మూడు. పదులు ముందు, ఒకట్లు తర్వాత. రాసేదీ ఆ వరుసలోనే. హిందీ వాళ్ళకు ఉన్తీస్, ఉన్తాలీస్ అంటూ దాదాపు నూరు దాకా బట్టీ పట్టడమే. ఇంగ్లీషులో థర్టీన్‌కీ థర్టీకీ చెవికి తేడా తెలియక పిల్లలు 13 అంటే 30 వేస్తారు. ఇంత మంచి అంకెలు ఇంట్లో పెట్టుకుని మూడేళ్ళ పిల్ల చేత వన్, టూ, త్రీ చెప్పిస్తున్నాం. మొత్తం తప్పు మీడియంలోనే ఉంది.

చదువరి_బెజవాడ | జులై 8, సాయంత్రం 6:11

మాస్టారూ, మీ పిల్లలు ఏ మీడియంలో చదివారో చెప్పి అప్పుడు మాట్లాడండి. ఇంగ్లీషు మీడియం మీద 2019లో జీవో రాగానే గోల చేసినవాళ్ళలో సగం మంది పిల్లలు అమెరికాలోనే ఉన్నారు.

విశ్రాంత_హెడ్మాస్టర్ | జులై 8, సాయంత్రం 6:40

నా ఇద్దరు పిల్లలూ నా బడిలోనే, తెలుగులోనే చదివారు. ఒకరు ఎలక్ట్రిసిటీ డిపార్ట్‌మెంటులో లైన్ ఇన్‌స్పెక్టరు. ఇంకేమైనా కావాలా?

నిర్వాహకులు | జులై 8, రాత్రి 7:02

మీడియం చర్చకు వేరే శీర్షిక ఉంది, 640 పోస్టులు దాటింది, అక్కడికి వెళ్ళండి. తర్వాత వచ్చిన 11 పోస్టులు అక్కడికి మార్చాం. ఇక్కడ హేమ గారి ప్రశ్నకే సమాధానాలు రాయగలరు.

పలక_బలపం | జులై 9, రాత్రి 9:15

మాస్టారూ, పుల్లల కట్టల మాటకు దండం. అంకెల పేర్ల మాట కూడా నిజమే, కానీ అదొక్కటే చాలదు. మా పిల్లలు తెలుగులోనే 'నూట ఐదు' విని 1005 వేస్తారు. 'నూట ఇరవై మూడు' అంటే 100 వేసి పక్కన 23 వేస్తారు, 10023. వాళ్ళు తప్పు వినలేదు, విన్నది విన్నట్టే రాశారు! సున్నా ఖాళీ చోటు కాపలా కాస్తుందని ఎవరూ చూపించలేదు, అంతే. నేను వంద రూపాయల కాగితం, పది రూపాయల కాగితాలు, రూపాయి బిళ్ళలు పెట్టి మూడు గళ్ళలో వేయిస్తాను. పది రూపాయల గడి ఖాళీగా ఉంటే ఏం రాయాలో వాళ్ళే అడుగుతారు.

52 − 27 ఇవ్వండి, సగం మంది 35 అంటారు. ఏడులోంచి రెండు తీసేశారు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని మనమే చెప్పాం కదా, చెప్పినట్టే చేశారు. తప్పు సమాధానం చూసి ఇంటూ కొట్టేముందు "ఎలా చేశావు?" అని అడిగితే సగం వైద్యం అయిపోతుంది. ముప్పై నోటు పుస్తకాలు దిద్దేటప్పుడు అలా అడిగే ఓపిక నాకూ ఉండదు, అది వేరే సంగతి.

హేమ గారూ, "కూడాలా, గుణించాలా" అని పాప అడిగిందంటే ఒక కారణం ఉంది. పుస్తకంలో 'గుణకారం' అని శీర్షిక పెట్టి కింద ఇచ్చిన లెక్కలన్నీ గుణకారాలే. చదవక్కర్లేదు, రెండు అంకెలు ఏరుకుని గుణిస్తే మార్కులు. మీరు శీర్షిక లేకుండా లెక్క ఇచ్చారు. అంతే తేడా. కేంద్రం 2021 జులైలో పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం మూడో తరగతి అయ్యేసరికి పిల్లలు 9999 దాకా సంఖ్యలు చదవాలి, గుణకారంతో చిన్న చిన్న లెక్కలు విప్పాలి, నిమిషానికి అరవై మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి. 2026-27 నాటికి దేశంలో పిల్లలందరూ అక్కడికి చేరాలట. అరవై మాటల దగ్గరే నాకు పేచీ. 'చదవలేకపోతున్నానంటే' అనేది మనకు ఒక్క మాట. ఇంగ్లీషు వాళ్ళకు అది ఐదారు మాటలు. గడియారం పట్టుకుని మాటలు లెక్కపెట్టేవాడికి ఇది ఎవరు చెబుతారు?

రైతుబజార్_నుంచి | జులై 9, రాత్రి 10:48

నేను ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాను. చిన్నప్పుడు పొద్దున ఏడింటి దాకా అమ్మతో కూరగాయల దుకాణంలో కూర్చుని అక్కడి నుంచే బడికి వెళ్ళేవాణ్ణి. కిలో పద్దెనిమిది, ముప్పావు కిలో ఎంత, ఇరవై ఇస్తే చిల్లరెంత, ఇవన్నీ కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. "పద్దెనిమిదిలో సగం తొమ్మిది, అందులో సగం నాలుగున్నర, మొత్తం పదమూడున్నర." బడిలో అదే 18ని మూడుబై నాలుగుతో గుణించమంటే బిక్కచచ్చిపోయేవాణ్ణి. రెండూ ఒకటేనని తొమ్మిదో తరగతి దాకా తెలియలేదు. లెక్కల మాస్టారు మా దుకాణంలోనే బెండకాయలు కొనేవారు, నేనే తూచి చిల్లరిచ్చేవాణ్ణి. ఆయన కూడా ఎప్పుడూ గమనించలేదు.

2019లో నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ళ బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద ఇదే చూశారు. 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. బజారు పిల్లలు బేరాల లెక్క నోటితో చేస్తారు, కాగితం మీద అంకెలిస్తే చేయలేరు. బడి పిల్లలు కాగితం మీద చేస్తారు, బజారు లెక్క ఇస్తే తడబడతారు. చదివినప్పుడు నా గురించే రాసినట్టు అనిపించింది.

హేమ గారూ, పాపను కూరగాయలకు తీసుకెళ్ళి డబ్బులు తన చేత్తోనే ఇప్పించండి. ఫోన్‌పే వద్దు. ఫోన్ చూపించి టింగుమనిపిస్తే చిల్లర లెక్కే ఉండదు.

ఫ్రిస్కో_పద్మ | జులై 10, ఉదయం 6:30

ఫోన్‌పే మాట నిజం. మా వాడు డబ్బులంటే కార్డు అనుకుంటున్నాడు. క్వార్టర్ బిళ్ళ చూపిస్తే, ఇది దేనికమ్మా అన్నాడు.

హేమ_ఏలూరు | జులై 12, రాత్రి 9:20

అందరికీ ధన్యవాదాలు. పలక బలపం గారు చెప్పినట్టు నాలుగు కాగితాలు రాశాను. వాక్యాల దగ్గర ఆగింది. మాటల్లో 'పులి'ని మొదట 'మలి' అంది, మళ్ళీ తనే దిద్దుకుంది. అక్షరాలు అన్నీ వచ్చు, ఘ, ఝ తప్ప. అంటే మా అమ్మాయి రెండో మెట్టు మీద ఉంది. ఏడాదికి కట్టే ఫీజు తలుచుకుంటే నిద్ర పట్టలేదు.

ఇంగ్లీషులోనూ అలాగే నాలుగు కాగితాలు రాశాను. మూడక్షరాల మాటల్లో సగం వచ్చాయి. రీడరు మొత్తం కంఠతా పట్టిన పిల్ల, 'మడ్' చదవలేదు.

మా అత్తగారు ఇంకో పదిరోజులు ఉంటానన్నారు. రోజూ రాత్రి పావుగంట ఒత్తులు ఆవిడ చెబుతానన్నారు. ఆవిడ చదివింది ఐదో తరగతే.

పలక_బలపం | జులై 12, రాత్రి 9:55

చాలు. పావుగంట దాటనివ్వకండి. తప్పు చదివితే వెంటనే అందుకుని చెప్పెయ్యకండి, మనసులో ఐదు లెక్కపెట్టండి. 'పులి'ని తనే దిద్దుకుందన్నారు చూడండి, మీరు రాసిన దాంట్లో నాకు బాగా నచ్చింది అదే.

హేమ_ఏలూరు | ఆగస్టు 3, రాత్రి 8:47

చెప్పాలనిపించి వచ్చాను. ఇవాళ జంగారెడ్డిగూడెంలో చుట్టాలింటికి బయల్దేరాం. పాత బస్టాండులో నిలబడి ఉంటే బస్సు వచ్చింది. పాప బోర్డు చూసి "జం... గా... రె..." అని మొదలుపెట్టింది. డ ఒత్తు దగ్గర ఆగింది. నేను ఐదు లెక్కపెట్టాను. "డ్డి... జంగారెడ్డి... గూ..." అనేసరికి కండక్టర్ రైట్ అన్నాడు, బస్సు కదిలిపోయింది. "డెం" అని అరిచింది వెనక నుంచి. మేం ఎక్కాల్సింది అదే. తర్వాతది నలభై నిమిషాలకు వచ్చింది. మా ఆయన ఇంకా కోపంగానే ఉన్నారు.

ఓరుగల్లు_నాయిన | ఆగస్టు 3, రాత్రి 9:03

బస్సు బోతే బోయింది అక్కా. ఇడ్లీల లెక్క ఏమైంది?

హేమ_ఏలూరు | ఆగస్టు 3, రాత్రి 9:10

ఇడ్లీలైతే చెబుతోంది. అదే లెక్క డబ్బాలు, పెన్సిళ్ళు అని మారిస్తే మళ్ళీ "కూడాలా, గుణించాలా" అంటోంది. పలక బలపం గారూ, దీనికేం చేయమంటారు?

పలక_బలపం | ఆగస్టు 3, రాత్రి 9:31

బొమ్మ గీయించారా?

హేమ_ఏలూరు | ఆగస్టు 3, రాత్రి 9:33

లేదండి.

పలక_బలపం | ఆగస్టు 3, రాత్రి 9:40

ముందు డబ్బాలు గీయమనండి, ఒక్కో డబ్బాలో పెన్సిళ్ళకు గీతలు పెట్టమనండి. అంకెలు ఆ తర్వాతే రాయాలి. తర్వాత కూడిక లెక్కలు, గుణకారం లెక్కలు కలిపి ఇవ్వండి, వరుస తెలియకుండా. ఒక పది లెక్కలు నేనే రాసి పెడతాను. రేపు చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్ ఉంది, ఎల్లుండి చూడండి.